లింకు కింద బొమ్మ

ఉదయం ఏడున్నరకే మంగలి ప్యో గారు వచ్చి దాసోమ్ బల్లకు ఎదురుగా కూర్చున్నారు. వేడి టోఫు పులుసు గిన్నె పక్కకు జరిపి, వేళ్లు మడుస్తూ లెక్క చెప్పారు.

"కత్తెర ఉండాలి. దువ్వెన ఉండాలి. షాపు ముందు తిరిగే రంగుల గొట్టం ఉండాలి. పక్కన చిన్నగా ముప్పై ఏళ్ల అనుభవం అని కూడా రాయాలి."

"ప్యో గారూ, ఇది వెబ్‌సైట్ తెరిస్తే పైన పేరు పక్కన కనిపించే గుర్తు. చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. అందులో ఒక్కటే పడుతుంది. ఏదో ఒకటి చెప్పండి."

"ఒక్కటే అంటే ఎలా? మా ఆవిడను అడగాలి."

"అడగండి. మీరు ఎవరికైనా లింకు పంపితే దాని కింద పెద్ద బొమ్మ తెరుచుకుంటుంది కదా, అందులో మిగతావన్నీ పెడదాం. కానీ ముఖ్యమైనది నడిమధ్య ఉండాలి. చాలా ఫోన్లు రెండు పక్కలా కోసేసి మధ్య ముక్కే చూపిస్తాయి."

"అయితే మధ్యలో నన్ను పెట్టు. మా ఆవిడ పక్కన ఉన్నా ఫరవాలేదు."

"ఆ మాట ఆవిడతో చెప్తా, ఉండండి," అంది వంటింట్లోంచి దాసోమ్ తల్లి ఓక్‌హీ. ప్యో గారు గబగబా పులుసు తాగి లేచి వెళ్లిపోయారు.

దాసోమ్‌కు ఇరవై ఏడేళ్లు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. గాంగ్‌నుంగ్‌లోని ఆ టోఫు హోటళ్ల సందులోనూ, చుట్టుపక్కల వీధుల్లోనూ చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. ఆఫీసు లేదు. తల్లి హోటల్లో మూల బల్లే ఆఫీసు. డిగ్రీ పట్టా ఆ మూల గోడకే, కారం పొడి డబ్బాల పైన వేలాడుతుంటుంది. వచ్చిన వాళ్లందరికీ ఓక్‌హీ దాన్ని చూపించి గానీ పులుసు వడ్డించదు.

సందుకు అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా, 'అసలు అవ్వ టోఫు' ఉంది. పైన గోడంత బోర్డు. బోర్డు నిండా వంకీల జుట్టుతో నవ్వుతున్న ఒక ముసలావిడ ముఖం. ఆ బోర్డు కింద పొట్టి స్టూలు మీద కూర్చుని, అదే ముఖంతో, ఎనభై నాలుగేళ్ల నిజం మనిషి వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. ఆమె దాసోమ్ నాయనమ్మ. ఆ హోటల్ నడిపేది ఆమె పెద్ద కోడలు, దాసోమ్ పెద్దమ్మ జోంగ్‌రాన్.

ఓక్‌హీ తన పొయ్యిని గుమ్మానికి వీపు పెట్టి వంట చేసేలా కట్టించుకుంది. ఎందుకని ఎవరూ అడగరు. సందులో అందరికీ తెలుసు.

ఆ ఉదయం ఎనిమిదేళ్లలో మొదటిసారి జోంగ్‌రాన్ సందు దాటి ఇవతలికి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, చేతులకు ఇంకా రబ్బరు తొడుగులు ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడింది.

"దాసోమ్, కాస్త పని పడింది."

ఓక్‌హీ తిరగలేదు. "దాసోమ్, వచ్చినావిడకు చెప్పు, ఇక్కడ అసలు టోఫు దొరకదని. ఎదురింట్లో దొరుకుతుందని."

"నేను టోఫు కోసం రాలేదు," అంది జోంగ్‌రాన్. "శుక్రవారం పది గంటలకు టూరిజం ఆఫీసు వాళ్లు సందులోని హోటళ్ల లింకులన్నీ ఊరి పండగ కోసం పెట్టిన ఫోన్ గ్రూపులో పెడుతున్నారు. నాలుగు వేల మంది ఉన్నారట అందులో. మా లింకు పంపి చూస్తే కింద బూడిద రంగు ఖాళీ పెట్టె వస్తోంది. మందుల షాపాయన మేనల్లుడు చేశాడులే ఆ వెబ్‌సైటు. వాడిప్పుడు ఫోన్ ఎత్తడు."

"అంత పెద్ద ముఖం బోర్డు మీద ఉండగా ఖాళీ పెట్టె ఎందుకొచ్చిందో అడుగు, దాసోమ్."

"దాసోమ్ అమ్మా, నేను పిల్లతో మాట్లాడుతున్నా," అంది జోంగ్‌రాన్ ఓక్‌హీతో.

"పిల్ల నాది."

దాసోమ్ ఇద్దరినీ చూసింది. "చేస్తాను పెద్దమ్మా. గురువారానికల్లా అయిపోతుంది," అంది.

జోంగ్‌రాన్ ఆశ్చర్యపోయింది. తడి తొడుగుతోనే దాసోమ్ భుజం తట్టి వెళ్లిపోయింది. భుజం మీద మరక పడింది.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అని గరిటె పొయ్యి మీద కొట్టింది ఓక్‌హీ. "మీ నాన్న పోయి అప్పటికి నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా కాలేదు. నా జుట్టులో సంతాపపు తెల్ల రిబ్బను ఇంకా ఉంది. అప్పుడు కదే ఆవిడ నిచ్చెన వేసి మన పాత హోటల్ మీదున్న అత్తయ్య ముఖం బోర్డు పీకింది? ముఖం మాది, పేరు మాది అంటూ వెళ్లి రిజిస్టర్ చేయించుకుంది. వీధంతా చూసింది. నేను కింద నిలబడి మేకులు ఏరుకున్నాను. ఆవిడ కూడా ఒక్కరోజు ఈ వీధిలో తల వంచుకుని నిలబడితే చూడాలని ఉందే నాకు. ఒక్కరోజు చాలు."

"అందుకే ఒప్పుకున్నానమ్మా."

ఓక్‌హీ కూతురి ముఖం చూసి గరిటె కింద పెట్టింది.

దాసోమ్ దగ్గర ఒక ఫోటో ఉంది. పందొమ్మిదేళ్లప్పుడు తీసింది. ఫోన్లు మూడు మారినా అది మాత్రం వెంట తెచ్చుకుంది. ఎడమ వైపు నిచ్చెన మీద పెద్దమ్మ, చేతిలో సుత్తి. కుడి వైపు నల్ల బట్టల్లో, జుట్టులో తెల్ల రిబ్బనుతో అమ్మ, తల వంచుకుని. మధ్యలో తలకిందులుగా వేలాడుతున్న బోర్డు. పరీక్షల ముందు చదువు బుర్రకెక్కని రోజుల్లో దాసోమ్ ఆ ఫోటో తెరిచి పెద్దమ్మ ముఖాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకునేది. తర్వాత నిద్ర వచ్చేది కాదు, చదువు వచ్చేది.

ఆ రెండు రోజులూ ఆమె ఎంతో శ్రద్ధగా పనిచేసింది. ముందు చిన్న గుర్తు. నాయనమ్మ ముఖాన్ని గోరంతకు కుదిస్తే కాలిన బంగాళాదుంపలా కనిపించింది. కళ్లు తీసేసి, ముక్కు తీసేసి, వంకీల జుట్టు మాత్రం ఉంచింది. అప్పుడు ఎవరైనా గుర్తుపట్టేలా కుదిరింది. ఆ గుర్తులో ఏ మోసమూ లేదు. పనిని పనిలా చేశానని తనకు తాను చెప్పుకోవడానికి ఆమెకు అది కావాలి.

తర్వాత లింకు కింద తెరుచుకునే బొమ్మ. అది వెబ్‌సైట్ లోపల ఎక్కడా కనిపించదు. పెద్దమ్మ తన వెబ్‌సైట్ రోజుకు పదిసార్లు తెరిచి చూసుకున్నా తెలియదు. ఇంకొకరికి పంపినప్పుడే కనిపిస్తుంది. దాసోమ్ ఆ స్థానంలో నిచ్చెన ఫోటో పెట్టి, ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది.

ఓక్‌హీ చేతులు తుడుచుకుని వంగి చూసింది. ఆమె చూపు నేరుగా సుత్తి మీదకు, సుత్తి పట్టుకున్న మనిషి మీదకు పోయింది. ఇంకెక్కడా ఆగలేదు.

"ఇది నాలుగు వేల మందికీ వెళ్తుందా?"

"వెళ్తుంది. ఒకసారి వెళ్లాక వెనక్కి తీసుకోలేం. తర్వాత నేను బొమ్మ మార్చినా, అప్పటికే వెళ్లినవాటిలో ఇదే ఉండిపోతుంది."

"పెట్టెయ్," అంది ఓక్‌హీ.

శుక్రవారం ఓక్‌హీ ఉతికిన ఏప్రన్ కట్టుకుంది. పెదాలకు కాస్త రంగు కూడా రాసుకుంది. ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టే మనిషి ఆరోజు పొయ్యి దగ్గర పక్కకు తిరిగి నిలబడింది.

పదీ రెండు నిమిషాలకు సందులో ఫోన్లు మోగడం మొదలైంది. చేపల షాపామె బయటికొచ్చి ఎదురు హోటల్ వంక చూసి లోపలికి పోయింది. ఇద్దరు ముగ్గురు గుంపుగా నిలబడి ఒకరి ఫోన్లో ఒకరు తొంగి చూశారు. ఓక్‌హీ ఒక్కొక్క ముఖాన్నీ రుచి చూస్తున్నట్టు చూసింది. కూతురి పళ్లెంలో అడక్కుండానే ఇంకో గుడ్డు వేసింది.

అప్పుడు ప్యో గారు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఓక్‌హీ గారూ! మీ అత్తగారు ఇంత పని చేసిందా? నేనింతకాలం జోంగ్‌రాన్ గారినే తిట్టుకుంటున్నా."

"అత్తగారేంటి?" అంది ఓక్‌హీ.

ఆయన ఫోన్ చాపారు. దాసోమ్ కూడా లేచి చూసింది.

ఆ ఫోన్ బొమ్మను చదరంగా కోసింది. ఎడమ పక్క పెద్దమ్మ లేదు. సుత్తి లేదు. కుడి పక్క అమ్మ లేదు, తెల్ల రిబ్బను చివర మాత్రం ఉంది. మధ్యలో తలకిందులైన బోర్డు, దాని కింద నీడలో నడుం వంచి, రెండు చేతులతో, ఏటవాలుగా మధ్యకు వచ్చిన నిచ్చెన కాళ్లు బిగించి పట్టుకుని, పళ్లు కరుచుకున్న నాయనమ్మ. చదరమంతా ఆమే.

ఊళ్లోని ప్రతి దుకాణానికీ చెప్పే మాట, మొన్న ఉదయం ఇదే బల్ల దగ్గర ప్యో గారికి చెప్పిన మాట, దాసోమ్ తన ఫోటోకు చెప్పుకోలేదు. ఎనిమిదేళ్లుగా చూస్తున్న ఫోటోలో మధ్యలో ఎవరున్నారో ఆమె చూడనే లేదు.

బొమ్మ కింద మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. 'నవ్వే అవ్వ అసలు ముఖం ఇదన్నమాట.' 'విధవైన కోడలి బోర్డు దగ్గరుండి పీకించింది చూడండి.' 'ఇరవై ఏళ్లుగా అక్కడ తింటున్నా, ఇక వెళ్లను.'

దాసోమ్ తల ఎత్తి ఎదురుగా చూసింది. స్టూలు ఖాళీగా ఉంది. సగం ఒలిచిన వెల్లుల్లి నేల మీద చెల్లాచెదురుగా పడి ఉంది.

చేతిలో గరిటెతోనే జోంగ్‌రాన్ సందు దాటి వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు.

"నన్నంటే సరే! నామీద ఏం పెట్టినా పడతాను. ఆ ముసలావిడ ఏం చేసింది నిన్ను? ఫోన్ చూపించి మరీ అడిగాడే ఎవడో తినడానికొచ్చినవాడు, ఈ రాక్షసివి నువ్వేనా అవ్వా అని! లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకడం లేదు."

"మరి నిచ్చెన ఎక్కింది ఎవరు?" ఓక్‌హీ బల్లను రెండు చేతులా పట్టుకుంది. "నా మొగుడి చితాభస్మం చల్లారకముందే సుత్తి పట్టుకుని ఎక్కింది ఎవరు? ఆవిడ చేత నిచ్చెన పట్టించింది కూడా నువ్వే అయ్యుంటావు!"

"నేను పట్టించానా? ఆవిడే నన్ను ఎక్కించింది!"

హోటల్లో తింటున్న ఇద్దరూ చెంచాలు ఆపేశారు. జోంగ్‌రాన్ నోరు జారినట్టు నాలుక కరుచుకుంది. తర్వాత ఏదైతే అదవుతుందన్నట్టు గరిటె బల్ల మీద పడేసింది.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇంక ఎందుకు, ఊరంతా చూశాక? 'నేను పీకిస్తే తరిమేశాననుకుని ఏడుస్తుంది, నువ్వు పీకు, నీ మీద కసితోనైనా లేచి నడుస్తుంది' అంది. నేను తిట్లు తినాలట, ఆవిడ నిచ్చెన పట్టుకుంటుందట. అదీ ఒప్పందం."

"అబద్ధం."

"పోయి అడుగు. నేనేం దేవతను కాదు, దాసోమ్ అమ్మా. ఆ బోర్డు అప్పుడు నాకూ కావాల్సిందే. పీకేటప్పుడు నా చేతులేం వణకలేదు. రిజిస్టర్ చేయించింది పూర్తిగా నా బుద్ధే, అది అత్తయ్య చెప్పలేదు. ఆ పాపం నాది. కానీ మిగతాది నాది కాదు."

ఓక్‌హీ ఏప్రన్ కూడా విప్పకుండా బయటికి నడిచింది. దాసోమ్ వెనకాలే వెళ్లింది. సందు వెడల్పు పది అడుగులు ఉండదు. దాన్ని దాటడానికి ఓక్‌హీకి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

వెనక గదిలో నేల వెచ్చగా ఉంది. నాయనమ్మ తలకు రుమాలు కట్టుకుని, గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. బోర్డు మీద అంత ఉన్న మనిషి దుప్పటి కింద ఇంతే ఉంది.

"అత్తయ్యా."

దుప్పటి ఇంకాస్త పైకి జరిగింది.

"అత్తయ్యా, ఆ ఫోటో మేమే పెట్టాం. నీ మీద కాదు, జోంగ్‌రాన్ అక్క మీద కసితో పెట్టాం. నువ్వున్నావని చూడలేదు."

"వేలాడే బోర్డు చాటున కనిపించకుండానే నిలబడ్డాను. అందరూ సుత్తినే చూశారు, నువ్వు తల ఎత్తలేదు," అంది ముసలావిడ గోడతో. "ఫోన్లు ఇంత పనిచేస్తాయని ఎవరికి తెలుసు?"

"ఎందుకు పీకించావు? నేనేం తప్పు చేశాను?"

నాయనమ్మ మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు ఎప్పటిలాగే గరుకుగా ఉంది.

"తప్పు చేసినవాళ్లనే కదిలిస్తారా? ముప్పై ఒకటికి విధవనయ్యాను నేను. అయినా మా అత్త ఇంటిని వదిలిపోలేదు నేను. టోఫు డబ్బా నెత్తిన పెట్టుకుని ఈ ఊరంతా తిరిగాను. మెడ అరిగిపోయింది. ఒకరోజు చూస్తే ముసలిదాన్ని. అప్పటికి నువ్వు నలభై ఆరేళ్లదానివి. మొగుడు పోయాడు. నీ నెత్తిన నా ముఖం వేలాడుతుంటే నువ్వింకెక్కడికి పోతావే? చచ్చేదాకా నా కోడలివే అవుతావు. వెళ్లిపొమ్మని చెప్తే వింటావా నువ్వు? మొండిదానివి. అందుకే పీకిస్తే రోషం వచ్చి పోతావనుకున్నా. ఏదో ఒక ఊరు. ఏదో ఒక పని. కావాలంటే ఇంకో మొగుడు."

"అత్తయ్యా!"

"రోషమైతే వచ్చింది. బాగా వచ్చింది. కానీ పోయావా? నా ఎదురుగానే, నా ముక్కుకు సూటిగా దుకాణం పెట్టావు! ఎనిమిదేళ్లుగా వెల్లుల్లి ఒలుస్తూ నీ వీపు చూస్తున్నా. ఈ పిచ్చిది ఇంకా పోలేదే అనుకుంటూ."

దాసోమ్ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తల్లి నవ్వుతుందో ఏడుస్తుందో ఆమెకు మొదట తెలియలేదు. ఓక్‌హీ నేల మీద చతికిలబడి, ఏప్రన్‌లో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నేను బస్సు నడపాలనుకున్నాను," అంది ఏప్రన్‌లోంచి. "ఆయన పోయాక. సముద్రం పక్క రోడ్డు మీద సిటీ బస్సు. డ్రైవింగ్ స్కూలు కాగితం కూడా తెచ్చుకున్నాను. బోర్డు పీకిన రోజు దాన్ని చించేశాను. ఇక్కడే ఉండి అక్కకు చూపిస్తానని. ఎనిమిదేళ్లు చూపించాను అత్తయ్యా. ప్రతి ఉదయం సోయా గింజలు రుబ్బుతూ ఆవిడను కూడా వేసి రుబ్బుకున్నాను. ఇప్పుడు ఆ కోపం కూడా తీసేసుకుంటే నా దగ్గర ఏం మిగిలింది చెప్పు?"

నాయనమ్మ ముడతల చెయ్యి చాపి, కోడలి జుట్టులోంచి పొయ్యి బూడిద దులిపింది. చాలాసేపు దులిపింది, బూడిద అంత లేకపోయినా.

అమ్మ కోపాన్ని పాఠంలా బట్టీ పట్టి పెరిగింది దాసోమ్. అది న్యాయమనుకుంది. చదువుకున్నాను కాబట్టి అమ్మ తరఫున ఆ పగ నేను తీర్చాలనుకుంది. తీరా తీర్చింది అమ్మ కోసం ఎనిమిదేళ్లుగా నిజం దాచిపెట్టిన ముసలిదాని మీద.

ఆమె అక్కడే కూర్చుని ఫోన్ తీసింది. బొమ్మ మార్చేసింది, కానీ నాలుగు వేల మందికి చేరింది చేరినట్టే ఉంది. దాన్ని తీసే దారి ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని గ్రూపులో ఆ బొమ్మ కిందే రాయడం మొదలుపెట్టింది. రాసినంతవరకు చదివి వినిపించింది.

"ఈ బొమ్మ పెట్టింది నేను. నా పేరు దాసోమ్. ఈ సందులో మీలో చాలామంది దుకాణాలకు వెబ్‌సైట్లు చేసింది కూడా నేనే. మా పెద్దమ్మ నన్ను నమ్మి పని ఇస్తే, ఆమెను అవమానించాలని ఎనిమిదేళ్ల నాటి ఫోటో పెట్టాను. అందులో నిచ్చెన పట్టుకున్న పెద్దావిడ మా నాయనమ్మ. ఆమె చేసిన దానికి కారణం మా ఇంటిది. మీరు ఆమెను అన్న మాటలన్నీ నాకు చెందుతాయి."

"ఇది చదివాక నీకు ఎవరు పని ఇస్తారే?" అంది గుమ్మంలోంచి జోంగ్‌రాన్. ఎప్పుడొచ్చిందో, చేతిలో పులుసు గిన్నె ఉంది.

"ఇవ్వకపోతే ఇవ్వరు, పెద్దమ్మా. మీరిచ్చిన పనిని నేను అలా చేశాను కదా."

జోంగ్‌రాన్ గిన్నె తెచ్చి ముసలావిడకూ ఓక్‌హీకీ మధ్య నేల మీద పెట్టింది. చెంచా ఒకటే తెచ్చింది. మళ్లీ వెళ్లి ఇంకొకటి తెచ్చింది.

"పెద్దావిడ అని రాయకు," అంది నాయనమ్మ. "ఆ ముఖం అందరికీ తెలుసు. పేరెవరికీ తెలీదు. చోయ్ బున్ని అని రాయి. తిట్టేవాళ్లు పేరు పెట్టి తిట్టనీ."

దాసోమ్ పేరు రాసి పంపింది. ఆ తర్వాత ఫోన్ వంక చూడలేదు.

నాయనమ్మ రెండు చెంచాలు తాగి, రుమాలు విప్పి జుట్టు సవరించుకుంది. "పట్టుకో," అని చెయ్యి చాపింది. "వెల్లుల్లి సగమే అయింది."

"ఇవాళ వద్దు అత్తయ్యా," అంది ఓక్‌హీ. "బయట జనం ఉన్నారు."

"ఉన్నారు కాబట్టే."

ఓక్‌హీ ఆమెను లేపింది. ఒక పక్క తను, ఇంకో పక్క జోంగ్‌రాన్. ముగ్గురూ గుమ్మం దాటేసరికి సందులో ఫోన్లు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి. ఎవరో ఒకతను మాత్రం ఇంకా ఫోన్ పైకెత్తి ఉంచాడు.

"సరిగ్గా తీయి బాబూ," అంది ఓక్‌హీ. కన్నీళ్లకు పెదాల రంగు గడ్డం దాకా కారింది. తుడుచుకోలేదు. "ఈవిడ మా అత్తగారు. మధ్యలో ఉంది కదా, కోతలో పోదులే. ఏమైనా అడగాలంటే నన్నడుగు."

అతను ఫోన్ దించేశాడు. ప్యో గారు మాత్రం ఉండబట్టలేక సందు చివర్నుంచి కేక వేశారు.

"ఓక్‌హీ గారూ, మధ్యాహ్నం హోటల్ తెరుస్తారా లేదా?"

"తెరుస్తా," అంది ఓక్‌హీ. అత్తగారి చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, తనకే కొత్తగా వినిపించే గొంతుతో అంది. "సోమవారం నుంచి మాత్రం పొద్దున పూట ఉండను. డ్రైవింగ్ నేర్చుకోవాలి."

బున్ని అవ్వ ఆ మాట విన్నట్టు కూడా కనిపించలేదు. స్టూలు మీద కూర్చుని, కళ్ల నుంచి ధారగా కారుతున్నది వెల్లుల్లి ఘాటేనన్నట్టు మోచేత్తో తుడుచుకుని, ఒలవడం మొదలుపెట్టింది.